రాణిగారి టోపీ, గురవమ్మ చుట్టకుదురు

మార్కాపురం పలకల గనిలో తట్టలు మోసే ఆడవాళ్లు అరవైమంది దాకా ఉండేవాళ్లు. వాళ్లలో ఒకతైన గురవమ్మ నడినెత్తి ఎలా ఉంటుందో చూసింది ఇద్దరే. ఒకరు మొగుడు గంగయ్య, ఇంకొకరు పక్కింటి రోశమ్మ. గంగయ్య ఒకసారి చూసి నవ్వాడు. నవ్విన పాపానికి పన్నెండేళ్లు అతనికి మళ్లీ ఆ దర్శనం లేదు. తలకు పోసుకునే రోజు గురవమ్మ మొగుణ్ని మేకలతో సహా బయటికి తోలి, గడియ పెట్టుకుని, తల ఆరి ముడి వేసుకున్నాకే తలుపు తీసేది.

చుట్టూతా జుట్టు ఉంది. వెనకాల గుప్పెడు ముడి కూడా వస్తుంది. నట్టనడుమ మాత్రం అరచెయ్యంత మేర ఒక్క వెంట్రుక లేదు. అక్కడి చర్మం నడిచి నడిచి గట్టిపడ్డ మడమలా కాయకాసి, నున్నబడి పోయింది.

ఇది జబ్బేమీ కాదు. ఆమె పుట్టింది పెద్దారవీడులో, గొర్రెల కాశయ్య కడుపున. ఏడేళ్లకు నెత్తిన నీళ్ల బిందె ఎక్కింది. పదేళ్లకు అడవి నుంచి పుల్లల మోపు. పదిహేనేళ్లకు గంగయ్యను కట్టుకుని మార్కాపురం వచ్చింది. వచ్చిన రెండో ఏడే రోగం తగిలి అతని గొర్రెల మంద మొత్తం పోయింది. గంగయ్యకు ఆరు మేకలూ, అంతులేని కబుర్లూ మిగిలాయి. గురవమ్మ గనికి పోయింది.

గని అంటే నేలలోకి దిగిన పెద్ద గుంత. అడుగున మగవాళ్లు గునపాలతో రాతిని పొరలు పొరలుగా లేపుతారు. ఆ పొరల్ని ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని, వంపులు తిరిగిన దారి వెంట పైకి ఎక్కాలి. పైన షెడ్డులో వాటిని కోసి, తోమి, చెక్క చట్రం బిగించి బడిపిల్లల పలకలు చేస్తారు. చలికాలం ఆ రాయి మంచుముక్క. ఎండాకాలం పొయ్యి మీది పెనం. పద్దెనిమిదేళ్లు రోజుకు నలభైసార్లు ఎక్కి దిగాక ఏ జుట్టు మాత్రం నిలుస్తుంది? ముందు పాపట వెడల్పయింది. తర్వాత పాపట అనేదే లేకుండా పోయింది.

పోయిన జుట్టు సంగతి అలా ఉంచండి, దాని మీద జనం అనే మాటలు ఉన్నాయి చూశారూ, అవే రోత. మొగుడు బతికుండగా ఆడదాని నెత్తి బోసిగా కనిపిస్తే అపశకునం. అదే గనిలో పుల్లమ్మ అనే ఆమెకు ఇలాగే అయింది. ఒకరోజు విత్తనాలకు బయల్దేరిన రైతు ఒకడు ఎదురొచ్చిన ఆమె తల చూసి, ఎద్దుల్ని వెనక్కి తిప్పి, అమ్మనా బూతులు తిట్టి పోయాడు. ఆ ఏడు సొంత చెల్లెలి పెళ్లిలో పుల్లమ్మను హారతి పట్టనివ్వలేదు. ఆ రైతు కొడుకూ బడిలో పలక మీదే దిద్దుతున్నాడు. ఆ పలక పుల్లమ్మ నెత్తి మీది నుంచి వచ్చిందేనన్న ఇంగితం ఆ మనిషికి లేదు. కొంగు కప్పుకుందామా అంటే అదీ కుదరదు. ఈ సీమలో పనీపాటా లేని వేళ నెత్తిన ముసుగు వేసుకునేది మొగుడు పోయిన ఆడవాళ్లే.

అందుకని గురవమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. ఖాళీ నెత్తితో గడప దాటేది కాదు. గనిలో రాయి, బావి దగ్గర బిందె, సంతకు పోతే ఏమీ లేని తట్ట. పెళ్లిళ్లకు పోతే వంటల దగ్గర గంగాళం ఎత్తుకుని తిరిగేది. నెత్తిన ఏదుంటే దాని కింద చుట్టకుదురు ఉంటుంది. చుట్టకుదురు ఉంటే నెత్తి కనపడదు. పని మీద ఎంత ఇష్టం ఈ పిల్లకు అని ఊళ్లో మెచ్చుకునేవాళ్లు.

చుట్టకుదురు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా లేరు. మిగతావాళ్లు పాత గుడ్డను మెలితిప్పి చుట్ట చేసి నెత్తిన పడేసుకునేవాళ్లు. గురవమ్మ ముందు దారంతో తల కొలత తీసేది. పుట్టింటి నుంచి గొర్రెబొచ్చు తెప్పించి, సౌడుమట్టితో ఉతికి, ఆరబెట్టి, దువ్వి, ఆ బొచ్చును పాతచీర పీలికల మధ్య పెట్టి చుట్టేది. పైన మెత్తటి గుడ్డ కప్పి దబ్బనంతో కుట్టేది. దాని మీద ఎంత బరువు పెట్టినా జారదు, బరువు ఒకచోటే దిగదు. గనిలోకి కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషికీ మొదటిరోజే ఒకటి కుట్టి ఇచ్చేది. తను మాత్రం ఎవరో వాడి పడేసిన గుడ్డపీలికలే చుట్టుకునేది. ఎందుకే అని రోశమ్మ అడిగితే, "నాది ఎట్లాగూ పోయింది గదక్కా, ఇంక దేన్ని కాపాడాల?" అనేది.

రాష్ట్రం ఏర్పడి నాలుగేళ్లు అయిన రోజులవి. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉంది. ఏదో చలిదేశం నుంచి ఒక రాణిగారు మనదేశం చూడటానికి వస్తున్నారనీ, ఆ దేశపు పిల్లలు దిద్దేది మార్కాపురం పలకల మీదే గనక శ్రీశైలం పోతూ దారిలో గని దగ్గర ఆగుతారనీ కబురు వచ్చింది. గని కాంట్రాక్టరు వెంకటసుబ్బయ్యకు ఆ రోజు నుంచి కాళ్లు నేల మీద ఆనలేదు. ఎప్పుడూ గుంతలోకి తొంగి చూడనివాడు రోజుకు రెండుసార్లు వచ్చి దారి ఊడ్పించాడు. ఎండలో పనిచేసేవాళ్లకు నీడ కావాలని ఆడవాళ్లు మూడేళ్లుగా అడుగుతుంటే లేని తాటాకులు, రాణిగారి పందిరికి ఒక్క పూటలో దిగాయి.

మధ్యాహ్నం సద్ది తినే వేళ బడి అయ్యవారు నిత్యానందం పేపరు పట్టుకుని వచ్చాడు. ఇంగ్లీషు వచ్చిన మనిషి, మెత్తనివాడు, గట్టిగా మాట్లాడాల్సి వస్తే దగ్గు తెచ్చుకునే రకం. పేపర్లో రాణిగారి ఫోటోలు నాలుగు పడ్డాయి. ఆసుపత్రికి రిబ్బను కత్తిరిస్తూ ఒకటి, ఓడ దిగుతూ ఒకటి, సిపాయిల ముందు నడుస్తూ ఒకటి, పిల్లల దగ్గర పూలు తీసుకుంటూ ఒకటి. ఆడవాళ్లంతా చేతులు కడుక్కుని మూగారు.

"నెత్తిన అదేంది అయ్యవారూ?" అంది రోశమ్మ.

"టోపీ అమ్మా."

"ఆడమనిషికి టోపీ ఏంది? పోలీసోళ్లు గదా పెట్టుకునేది."

"వాళ్ల దేశంలో రాణులు పదిమందిలోకి వస్తే పెట్టుకోవాల. ఊరికే అందానికి."

ఊరికే అందానికి అన్నమాట ఒక్కరు కూడా నమ్మలేదు. పని లేకుండా నెత్తిన ఏదన్నా పెట్టుకునే ఆడమనిషిని వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నాలుగు ఫోటోల్లో నాలుగు రకాలు. ఒకటి పళ్లెంలా, ఒకటి బోర్లించిన గిన్నెలా, ఒకదానికి ఈక, ఒకదానికి వల. గురవమ్మ పేపరు మీదికి వంగి, పనితెలిసిన మనిషి చూసే చూపు చూసింది.

"ఇవి కుట్టినోళ్లకు చేతగాలే. దీని మీద చెంబు గూడ నిలవదు" అంది. తర్వాత నాలుగు ఫోటోలూ మళ్లీ చూసింది. "ఒక్కదాంట్లో గూడ నెత్తి బయట పెట్టలేదు చూడక్కా."

రోశమ్మ గొంతు తగ్గించింది. "ఈమెకు గూడ నీ మాదిరేనేమో."

"రాణిగదా, ఆమె ఏం మోసింటది?"

"ఏం మోసేదేంది, కిరీటం! బంగారం బరువు గాదా? చిన్నప్పటి నుంచి మోసిమోసి అరిగిపోయింటది."

అంతే, చిక్కు వీడిపోయింది. కిరీటం మోసే మనిషికి నడినెత్తి అరగకుండా ఎలా ఉంటుంది? అరిగిన నెత్తిని పదిమంది ముందు ఎలా పెడుతుంది? అందుకే నాలుగు చోట్లకు నాలుగు పెట్టుకుంది పాపం. నిత్యానందం కాదని చెప్పబోయి, వాళ్ల ముఖాలు చూసి, దగ్గి ఊరుకున్నాడు. గురవమ్మ ఆ పేపరు కాగితం అడిగి తీసుకుని రవికలో పెట్టుకుంది. సంతకు ఖాళీ తట్ట మోసుకుపోయే ఆడది ఈ భూమ్మీద తనొక్కతే కాదని తెలిసిన రోజు అది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ కూనిరాగం తీసింది. గంగయ్య వింతగా చూశాడు.

వారం రోజులు కూర్చుని రాణిగారి కోసం చుట్టకుదురు కుట్టింది. తల కొలత ఫోటో చూసి అంచనా కట్టింది. పుట్టింటికి కబురుపెట్టి గొర్రెపిల్లల తొలి బొచ్చు తెప్పించింది. పైన కప్పడానికి మంచి గుడ్డ లేదు. తన పెళ్లినాటి చీరకున్న పట్టు అంచు ఒక్కటే ఇంట్లో ఉన్న పట్టు. కత్తెర పెట్టేముందు ఒక గడియ ఆగి, కత్తిరించేసింది.

"రాణికి చుట్టకుదురేందే, పిచ్చిదానా?" అన్నాడు గంగయ్య.

"కిరీటం కింద పెట్టుకుంటది. నీకేం తెలుసు, నువ్వు నవ్వేటోడివి" అంది గురవమ్మ.

రాణిగారు వచ్చే ముందురోజు వెంకటసుబ్బయ్య భార్య సుశీలమ్మ గనికి వచ్చింది. ఆమె మహిళామండలి ప్రెసిడెంటు. స్వాగతానికి పన్నెండుమంది ఆడవాళ్లను ఏరింది. అందరికీ ఆకుపచ్చ అంచు తెల్లచీరలు, తలలో మల్లెదండలు. గురవమ్మకు ఇంకో పని కూడా పెట్టారు. ఆరు పెద్ద రాతిపొరల్ని చెయ్యి పట్టకుండా మోసుకుంటూ పైకి నడవగలిగేది ఆమె ఒక్కతే. రాణిగారు పైన నిలబడి అది చూస్తారు. చూశాక ఆమె బరువు దించి, పళ్లెం తీసుకుని హారతి ఇవ్వాలి.

"ఒకటే మాట చెప్తున్నా" అంది సుశీలమ్మ. "నెత్తి మీద ఆ మైలగుడ్డలు ఒక్కటి గూడ కనపడగూడదు. ముసుగులు వెయ్యొద్దు, అశుభం. ఫోటోలు తీస్తారు."

గురవమ్మ చేతులు జోడించింది. "అమ్మా, నన్ను ఇడిసిపెట్టండమ్మా. రాయి మోసి పక్కకు పోతా. హారతి రోశమ్మక్క ఇస్తది."

"మోసిన దానివే ఇయ్యాల. అట్ల రాసి పంపినారు పైనుంచి. ఏం, రాణిగారి ముందు నిలబడేదానికి నామోషీనా నీకు?"

"నామోషీ గాదమ్మా. చుట్టకుదురు ఉండనీండి, అది సాలు. కొత్తది కుట్టుకుంటా, శుభ్రంగా ఉంటది."

"మోసేటప్పుడు పెట్టుకో. దించినాక తీసెయ్" అంది సుశీలమ్మ, వేళ్ల చివరలతో గురవమ్మ నెత్తి మీది గుడ్డను కదిలించి, ఆ వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ. వెంకటసుబ్బయ్య పక్కనే ఉండి, రేపు రానివాళ్లు ఎల్లుండి నుంచి గనికీ రానక్కర్లేదన్నాడు.

రోశమ్మ భయపడింది గానీ గురవమ్మ ఇంటికి పోయేసరికి కుదుటపడింది. రాణి తన నెత్తి మీదిది తియ్యదు కదా. ఆమె తియ్యనప్పుడు ఆమె ముందు నన్నెవరు తియ్యమంటారు? చూడంగానే ఆమెకే అర్థమవుతుంది, ఉండనీండి అంటుంది. ఆ ధైర్యంతో పట్టు చుట్టకుదురును బొడ్డులో దోపుకుని మర్నాడు గనికి పోయింది.

రాణిగారు పదిగంటలకని చెప్పి ఒంటిగంటకు వచ్చారు. అప్పటిదాకా పన్నెండుమందీ ఎండలో నిలబడ్డారు. పందిరి కింద నిలబడకూడదట, అది వచ్చేవాళ్లకు. తహసీల్దారు, కోర్టు అమీను, ఊరి పెద్దలు, పోలీసులు అందరూ ఆ తాటాకు నీడలోనే చెమటలు తుడుచుకున్నారు. మల్లెలు ఆడవాళ్ల తలల్లోనే వాడి నల్లబడ్డాయి. రోశమ్మ నీళ్లడిగితే, రాణిగారి సీసాలు తప్ప లేవన్నారు.

చివరికి కార్లు వచ్చాయి. గురవమ్మను గబగబా గుంతలోకి పంపారు. రాణిగారు దిగారు. పొడుగు మనిషి, తెల్లటి చేతితొడుగులు, నెత్తిన లేతపచ్చ రంగు టోపీ. దానికి ఒక పక్క ఈక, ముందు నుదురు మీదికి సన్నటి వల. గుంత అడుగు నుంచే గురవమ్మ ముందు ఆ టోపీనే చూసింది. ఐదో రకం, అనుకుంది. పాపం, ఈ ఎండలో కూడా తియ్యలేదు.

ఆరు రాతిపొరలు నెత్తికెత్తారు. చేతులు రెండూ వదిలేసి, నడుము నిటారుగా పెట్టి, వంపుదారి ఎక్కింది గురవమ్మ. ఆ నడకను నిజంగా చూడాల్సిందే. రాళ్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు కూడా రాలేదు. పైకి వచ్చి రాణికి నాలుగడుగుల దూరంలో ఆగింది. ఇద్దరు మనుషులు బరువు దించారు. వల వెనక నుంచి రాణి చిన్నగా నవ్వింది. గురవమ్మ కూడా నవ్వింది. చెయ్యి బొడ్డులోకి పోయింది, పట్టు చుట్టకుదురు తీద్దామని.

అప్పుడే వెనక నుంచి సుశీలమ్మ చెయ్యి వచ్చింది. "చెప్పినా గదమ్మే!" అని పళ్ల మధ్య నుంచి అంటూ, గురవమ్మ నెత్తి మీది చుట్టకుదురును ఒక్క లాగు లాగి కిందపడేసింది.

ఎవరో పోలీసతను ముందు నవ్వాడు. తర్వాత పందిరంతా కిసుక్కుమంది. ఫోటోలవాడు టక్కున ఒకటి తీశాడు. సుశీలమ్మ "అబ్బ, రోత" అని ముఖం తిప్పుకుంది. గురవమ్మ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. అరచేతులు రెండూ కలిపినా వేళ్ల సందుల్లోంచి ఆ చోటు కనపడుతూనే ఉంది. పన్నెండేళ్లు ఖాళీ తట్టలు మోసి దాచుకున్నది, ఒక్క క్షణంలో తహసీల్దారు నుంచి కారు డ్రైవరు దాకా అందరి కళ్లకూ మేతయింది.

రాణిగారు నవ్వలేదు. ఏదో అడిగారు. వెంట వచ్చిన పెద్ద ఆఫీసరు దాన్ని తెలుగు చేసి వెంకటసుబ్బయ్యను అడిగాడు. వెంకటసుబ్బయ్య వినయంగా వంగి జవాబు చెప్పాడు. అది ఇంగ్లీషులోకి పోయింది. రాణిగారి ముఖం మెత్తబడింది.

పక్కనే ఉన్న నిత్యానందం వైపు చూసింది గురవమ్మ. "ఏం చెప్పినాడు అయ్యవారూ?"

నిత్యానందం నేల చూశాడు. "మొక్కు అన్నాడమ్మా. ఇక్కడి ఆడోళ్లు శ్రీశైలం మల్లన్నకు నడినెత్తి జుట్టు ఇస్తారంట. ఆచారమంట."

నడినెత్తి మొక్కు! గుండు కొట్టించుకునేవాళ్లున్నారు, మూడు కత్తెర్లు ఇచ్చేవాళ్లున్నారు. నట్టనడుమ అరచెయ్యంత గీకి ఇచ్చేవాళ్లను ఏ మల్లన్న చూశాడు? అంత నీచమైన అబద్ధం అంత తొందరగా నోటికి వచ్చిందంటే, ఆ నోటికి అదెంత అలవాటో. దేవుణ్ని కూడా తన గనికి మేస్త్రీగా పెట్టుకున్నాడు మహానుభావుడు. తహసీల్దారు అవునవునన్నట్టు తలాడించాడు. వాళ్ల ఇంటికి పలకలు వెంకటసుబ్బయ్యే పంపుతాడు.

రాణిగారికి భక్తి మీద గౌరవం ఉన్నట్టుంది. ఈ దేశంలో దైవకార్యం దగ్గర చెప్పులూ టోపీ తియ్యాలని ఎవరో చెప్పి ఉంటారు. చేతులెత్తి, టోపీని జుట్టుకు పట్టి ఉంచే సూదులు రెండు లాగి, ఆ పచ్చటి టోపీని నిదానంగా తీసి గురవమ్మ ముందు తలవంచారు.

జుట్టు! పసుపురంగు జుట్టు, ఒత్తుగా, అలలు అలలుగా, నడినెత్తి నుంచే పొంగుకొచ్చి రెండు పక్కలా చుట్టలు తిరిగిన జుట్టు. వేలు దూర్చడానికి సందు లేదు. వెనకాల రోశమ్మ "ఓయమ్మో" అంది.

గురవమ్మ వారం రోజులు ఈమె కోసం జాలిపడ్డది. ఈమె కోసం పెళ్లిచీర కత్తిరించింది. అయ్యవారు చెప్పింది నిజం, ఊరికే అందానికే. ఇంత జుట్టు పెట్టుకుని, దాన్ని కప్పడానికి పూటకొకటి కుట్టించుకుని, లేనిదాని ముందు తీసి చూపిస్తోంది. రాణి మీదో, వెంకటసుబ్బయ్య మీదో, ఇంత నమ్మిన తన మీదో, అందరి మీదా కలిపి ఒకేసారి రోత పుట్టింది.

"అయ్యవారూ, చెప్పు. మొక్కు గాదని చెప్పు" అంది.

నిత్యానందానికి దగ్గు వచ్చింది.

గురవమ్మ ఇంక ఎవర్నీ అడగలేదు. నెత్తి మీది చేతులు తీసేసింది. ముందుకు నడిచి రాణిగారి కుడిచెయ్యి పట్టుకుంది. పోలీసులు కదిలారు గానీ రాణిగారే ఆగమన్నట్టు ఎడమచెయ్యి ఎత్తారు. గురవమ్మ ఆ చేతిని తీసుకుపోయి ముందు దించిన రాళ్ల మీద ఆనించింది. ఎండకు కాలిన రాయి, తొడుగులోంచి కూడా చురుక్కుమని ఉంటుంది. తర్వాత అదే చేతిని తన నడినెత్తి మీద పెట్టుకుని, గట్టిగా అదిమి పట్టింది. మళ్లీ రాయి. మళ్లీ నెత్తి. మూడుసార్లు. మాటలేమీ లేవు, ఏ ఆఫీసరూ మార్చి చెప్పడానికి వీల్లేదు.

రాణిగారికి అర్థమైంది. అర్థమైందని ముఖంలో తెలిసింది. కళ్లు ఒక్కసారి వెంకటసుబ్బయ్య మీదికి పోయి వచ్చాయి. ఏదన్నా అంటుందని గనిలో అందరూ ఆమె నోటి వైపే చూశారు. ఆమె మాత్రం తన చెయ్యి చూసుకున్నారు. తెల్లటి తొడుగు మీద రాతిపొడి, చెమట, నూనె కలిసిన నల్లటి మరక. ముక్కుపుటాలు కొంచెం ముడుచుకున్నాయి, కొంచెమే. వెనకున్న అమ్మాయి పరుగున వచ్చింది. ఆ తొడుగు రెండు వేళ్లతో లాగి, సంచిలోంచి ఇంకోటి, తెల్లగా మెరిసేది, తొడిగింది. టోపీ మళ్లీ తలకెక్కింది, సూదులు దిగాయి. రాణిగారు అందరికీ చెయ్యి ఊపారు. కార్లు దోర్నాల దారి పట్టాయి. హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించకుండానే ఉండిపోయింది.

దుమ్ము అణగకముందే సుశీలమ్మ చీరలు విప్పించింది. పన్నెండూ లెక్కపెట్టి మడతపెట్టించుకుంది, మహిళామండలివట. పాతచీరలు కట్టుకుని ఆడవాళ్లు బయటికి వచ్చేసరికి పందిరి తాటాకులు కూడా బండికెక్కుతున్నాయి. వెంకటసుబ్బయ్య గురవమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఎంత పని చేసినావు గురవమ్మా! మొక్కు అని నీ పరువు నిలబెడితే, రాణిగారిని ముట్టుకుంటావా?"

"నా పరువు గాదు నాయనా, నీ పరువు" అంది గురవమ్మ. "థూ!" అని పక్కకు ఉమ్మింది. అతని కాళ్లకు తగల్లేదు గానీ, తగిలినట్టే అతను వెనక్కి జరిగాడు.

గనికి రావద్దని అతను అనలేకపోయాడు. రాణిగారి చూపు తహసీల్దారు కూడా చూశాడు, పేపరువాళ్లు ఇంకా టీ తాగుతున్నారు. గురవమ్మ సుశీలమ్మ పడేసిన చుట్టకుదురు వైపు చూసింది. బూట్ల కింద నలిగి పీలికలైంది. బొడ్డులోంచి పట్టు చుట్టకుదురు తీసి, ఆ పూట మిగిలిన రాయి మోయడానికి దాన్నే నెత్తిన పెట్టుకుంది. పద్దెనిమిదేళ్లలో తను కుట్టినది తన నెత్తికి తగలడం అదే మొదలు. అంత మెత్తగా ఉంటాయని ఆమెకే తెలీదు. రెండు వంపులు ఎక్కాక ఏడుపొచ్చింది. నెత్తిన బరువుంది గనక కళ్లు తుడుచుకోకుండానే ఎక్కింది.

ఆ రోజు నుంచి పని దిగగానే చుట్టకుదురు తీసి చేత్తో పట్టుకుని, బోసినెత్తితోనే ఇంటికి నడిచేది. సంతకు కూడా అలాగే పోయింది. చూడనివాళ్లెవరు మిగిలారు, దాచడానికి? ఎదురొచ్చిన రైతులు ఎద్దుల్ని తిప్పుకుంటే తిప్పుకోనీ అనేది. గంగయ్య మళ్లీ నవ్వలేదు. ఆర్నెల్లు తిరక్కముందే పుల్లమ్మ కూడా ఖాళీ చేతులతో, ఖాళీ నెత్తితో బజారుకు రావడం మొదలుపెట్టింది. రోశమ్మకు పాపట వెడల్పవుతోందని అప్పుడే బయటపడింది.

పేపర్లో ఫోటో పడింది. రాణిగారు టోపీ చేత పట్టుకుని తలవంచి ఉన్నారు, ఎదురుగా గురవమ్మ. ఫోటో కింద మాత్రం శ్రీశైల మల్లన్నకు కేశాలు సమర్పించిన భక్తురాలు అని రాశారు. ఆ పేపరు ఊరూరా తిరిగింది. శివరాత్రికి శ్రీశైలం పోయే జనం మార్కాపురంలో బస్సు ఆగినప్పుడు గురవమ్మను గుర్తుపట్టి, చేతులు జోడించి అడిగేవాళ్లు.

"అమ్మా, ఏ దేవుడికిచ్చినావు తల్లీ జుట్టు?"

గురవమ్మ నిలబడి, అందరికీ వినపడేటట్టు, ఊరూ పేరుతో సహా చెప్పేది.

"దేవుడికి గాదు నాయనా. మార్కాపురం వెంకటసుబ్బయ్య గనికి."